కంచె దాటించాక కూడా పరుగెత్తాలట!

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చదువు కోసం న్యూజిలాండ్ వచ్చిన మా బోటి కుర్రాళ్లకు ఒక గట్టి నమ్మకం ఉండేది: క్రికెట్ వచ్చినవాడికి ప్రపంచంలో రాని ఆట లేదని. (ఈతను మేము ఆటగా లెక్కపెట్టేవాళ్లం కాదు.) పాపకూర అనే ఊళ్లో మా ఫ్లాట్ వెనక గ్రౌండులో ఒక బేస్‌బాల్ జట్టు ప్రాక్టీసు చేసేది. ఆ జట్టుకు పిచర్, అదే బంతి విసిరేవాడు, భలేవాడు దొరికాడు. అతని విసురు చూసి మేము 'ఫిరంగి' అని పేరు పెట్టుకున్నాం. కొట్టేవాళ్లే లేరు. రాబోయే సీజన్ గురించి ఎవరడిగినా కోచ్ అంకుల్ (పెద్దవాళ్లను అంకుల్ అనకుండా ఉండడం మా వల్ల అయ్యేది కాదు) విసరడానికి ఢోకా లేదు, కొట్టడానికే దిక్కు లేదు అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో నిట్టూర్చేవాడు. ఒకరోజు నేను వెళ్లి "నేను కొడతాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఒకే ఒక్క అవకాశం ఇస్తానన్నాడు. కొడితే జట్టులో చోటు, లేదంటే లేదు. కాలేజీ, ఫ్లాట్, పార్ట్‌టైమ్ ఉద్యోగం తప్ప ఆ దేశంలో నాకంటూ ఇంకేమీ లేదు. ఆ చోటు నాకు కావాలి. చాలా కావాలి.

ఆదివారం సన్నటి జల్లు, కాళ్ల కింద బురద. స్కోరు సమం, మా జట్టుకు మిగిలింది ఒక్క ఔట్, బ్యాటుతో నేను. ఒంగోలు నుంచి వచ్చిన మా ఫ్లాట్‌మేట్ గట్టు మీద నిలబడి "మావా, పరువు తియ్యమాక!" అని అరుస్తున్నాడు. మొదటి రెండు బంతులూ ఎటు పోయాయో నాకు తెలియలేదు. మూడోది మోకాలి కిందకు దిగింది. ఆట తెలిసినవాడైతే వదిలేస్తాడు. టెన్నిస్ బంతితో యార్కర్లు ఆడి పెరిగిన నేను వంగి, ఎత్తి ఒక్కటి కొట్టాను. బంతి కంచె దాటి రోడ్డు మీద పడింది.

సిక్సర్! ఇక పరుగెందుకు? బ్యాటు పైకెత్తి నాలుగు దిక్కులకూ చూపించాను. బంతి వేసినవాడితో చేయి కలపడానికి కూడా బయల్దేరాను. కోచ్ అంకుల్ జుట్టు పీక్కుంటూ "రన్, మేట్, రన్!" అని కేకలు. బంతి కంచె దాటినా నాలుగు మూలల్లో పరిచిన బేసులన్నీ చుట్టి రావాల్సిందేనట. పరుగెత్తాను, బ్యాటుతో సహా. మొదటి బేసు దగ్గర క్రీజులో పెట్టినట్టే బ్యాటు చాచి ఆనించి, రెండో బేసు వైపు మళ్లాను. "కాలు మావా! బ్యాటు కాదు, కాలు పెట్టాలంట!" అని గట్టు మీది నుంచి గావుకేక. వెనక్కి వచ్చి కాలు పెట్టాను. తక్కిన మూడు బేసులకూ ముందు బ్యాటు, తరువాత కాలు. ఏ పద్ధతిలోనూ ఔట్ కాకూడదు కదా!

గెలిచాం. ఫిరంగి నన్ను భుజాన వేసుకుని గ్రౌండంతా తిప్పాడు (బ్యాటు ఇంకా నా చేతిలోనే ఉంది). ఓడిన జట్టు కూడా కడుపుబ్బ నవ్వి చప్పట్లు కొట్టింది. సీజన్ ఎలా ఉండబోతోందని ఎవరో అడిగితే, మ్యాచ్ అయ్యాక పొయ్యి మీద సాసేజీలు కాలుస్తున్న కోచ్ అంకుల్ పట్టకారుతో ముందు ఫిరంగిని, తరువాత నన్ను చూపించి, "ఈ ఏడాది మనకు రెండూ ఉన్నాయి" అన్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కాదు.

ఇప్పుడు నేను ఏ కొత్త పనికైనా ముందు రూల్సన్నీ చదువుతాను. చదివాక మోకాళ్ల నొప్పి గుర్తొచ్చి మానేస్తాను. అందుకే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వుతో పాటు కాస్త కుళ్లు కూడా పుడుతుంది. ఆ సాయంత్రం వాడు రెండు సైజులు పెద్దదైన జట్టు జెర్సీ తొడుక్కుని, ఎదురైన ప్రతివాళ్లకూ గుడీవినింగ్ చెప్పుకుంటూ, ఆ ఊరు తనదే అయినట్టు ఇంటికి నడిచాడు.