ఎడమకు వాలే డిస్కు

పోయిన ఆదివారం తిరుపతిలో మా ఇంటి దగ్గరి మైదానానికి నడకకు పోతే, కాలేజీ పిల్లలు కొందరు గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు నిలబెట్టి, వాటిలో పడేలా ప్లాస్టిక్ డిస్కులు విసురుతూ కనబడ్డారు. ఒకతను కొత్తగా కొన్న డిస్కు విసిరితే అది పట్టుమని పది బారలు పోకముందే ఎడమకు తిరిగి నేలకు కొట్టుకుంది. ఇది చెడిపోయిన సరుకు, వాపసు ఇచ్చేస్తానని అతను విసుక్కుంటుంటే, చెడిపోలేదు నాయనా, దాని గుణమే అంత, చేతిలో వేగం పెరిగితే అదే నేరుగా పోతుందని చెప్పి వచ్చాను. ఆ నాలుగు ముక్కలూ పన్నెండేళ్ల కిందట నాకే తట్టి ఉంటే ఎంత బాగుండేదోనని ఆ రోజంతా మనసు పీకుతూనే ఉంది.

అప్పట్లో నేనూ మా బావమరిదీ శ్రీ సిటీలో ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. వాడు నాకు పెళ్లితో వచ్చిన చుట్టం మాత్రమే కాదు, మా మేనమామ కొడుకు. నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ నా వెంట తిరిగినవాడు. మిషన్లు బిగించడానికి విదేశం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఆ ఆట నేర్పి, పోతూ పోతూ మూడు డిస్కులు వాడి చేతిలో పెట్టి పోయాడు. మాకు ఇనుప బుట్టలు ఎక్కడివి? మామిడికాయల గంపలనే కొయ్యలకు కట్టి, చంద్రగిరి అవతల మా మామ తోట పక్కనున్న బీడులో ఆదివారం పొద్దున్నే ఆడేవాళ్లం.

ఆ మూడింట్లో ఎర్రది మధ్యరకం దూరాలకు విసిరేది. ఓవర్‌స్టేబుల్ అనేవాడు ఇంజనీరు. అంటే ఎదురుగాలికి బెదరదు గానీ, కుడిచేత్తో విసిరితే చివరకు ఎడమకు వాలక మానదు. క్రికెట్ ఆడి గట్టిపడిన చెయ్యి కావడంతో మా బావమరిది విసిరితే అది గీత గీసినట్టు పోయి, గంప దగ్గరికి వచ్చాకే ఎడమకు ఒదిగి దిగేది. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఎడమచేతి వాటం అమ్మాయి ఒకతె విసిరితే కుడికి వాలేది. నేను విసిరితే మాత్రం చెయ్యి వదిలిందే ఆలస్యం, ఎడమకు మళ్లి తంగేడు పొదల్లో పడేది. కుడికి కొంచెం వాల్చి వదలమని వాడు ఎన్నోసార్లు చెప్పాడు. చిన్నవాడు చెబితే నేర్చుకోవడమా అని నాకు నామోషీ.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ నుంచి పదిమంది దాకా వచ్చారు. వాళ్ల ముందు ఆ ఎర్రదాన్ని మూడుసార్లు పొదల్లో వేసుకున్నాక, ఎవరో కిసుక్కున నవ్వేసరికి ఆపుకోలేక వాడి మీద పడ్డాను.

“మంచియన్నీ నువ్వు పెట్టుకోని, చెడిపోయింది నాకు అంటగట్టినావు!”

“అట్లేం లేదు బావా, ఇట్లియ్యి” అని వాడు నవ్వుతూ అదే డిస్కు తీసుకుని విసిరాడు. అది తిన్నగా పోయి గంపలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది మంచిదేనని చూపించడానికే వాడు విసిరాడని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం నా చెయ్యి పనికిరాదని పదిమందిలో చాటినట్టే తోచి, బండెక్కి వచ్చేశాను. ఆ తరువాత ఆటకు పోలేదు. కంపెనీ బస్సులో కూడా వేరే సీటు చూసుకున్నాను.

ఏడాది తిరక్కుండానే పూతలపట్టు కూడలి దగ్గర బండి జారి వాడి కుడి భుజం విరిగింది. ఆసుపత్రికి పోయి చుట్టపుచూపుగా చూసి వచ్చాను. నాలుగైదు నెలలకు వాడే ఫోన్ చేశాడు.

“బావా, ఇప్పుడు నేనేసినా ఎడమకే పడిపోతుండాది. ఆదివారం రా, ఇద్దరమూ ఎడమకే ఏసుకుందాం.”

దెప్పుతున్నాడనుకున్నాను. పనుందని పెట్టేశాను. మళ్లీ రెండు వారాలూ పిలిచాడు. మా ఆవిడ కూడా, “వాడు అంతగా పిలస్తా ఉంటే పోరాదా?” అని బతిమాలింది. కదల్లేదు.

వాడు ఉద్యోగం మానేసి చిత్తూరులో అంగడి పెట్టుకున్నాక ఒకరోజు, ఆ ప్యాకింగ్ అమ్మాయే బస్సులో నా పక్కన కూర్చుని చెప్పింది. “మూడు ఆదివారాలు మీ కోసం సూసినాడు సార్. భుజానికి మంచిదని డాక్టరు డిస్కు ఏసుకోమన్యాడంట. మా ముందర ఏసేదానికి సిగ్గుపడినాడు. మా బావ ముందరైతే సిగ్గుండదు అనినాడు.”

ఆ సాయంత్రమే చిత్తూరు పోయి ఉండాల్సింది. పోయి ఏమని మొదలుపెట్టాలో తెలియక, రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏళ్లు దొర్లించాను. నా వయసు మగవాళ్లకు ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ఇప్పటి పిల్లలు నయం. తెలియనిది తమకన్నా చిన్నవాళ్లనైనా అడిగి నేర్చుకుంటారు, పొద్దున తగవుపడి సాయంత్రానికి కలిసి టీ తాగుతారు.

మొన్న చుట్టాల పెళ్లిలో వాడు కలిశాడు. నన్ను చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చి, “బాగుండారా బావా? భోంచేసి పోండి” అన్నాడు. చూసినవాళ్లు ఎంత మర్యాదస్థుడో అనుకుని ఉంటారు. మాటలు వచ్చిన నాటి నుంచీ నన్ను నువ్వు అనే పిలిచినవాడు.