గిటారు లోపల నేను కోసిన కట్టె

గిటారు మాస్టరు పోయాడని పోయిన మంగళవారం గుడియాత్తంలో బస్సు దిగగానే తెలిసింది. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఆయన మీద నాకు ఒక్కటే మంట. చెడిపోయిన గిటారును నా దగ్గరికి తేకుండా మద్రాసు తీసుకుపోయాడు. దాని మీద పని చేసినవాణ్ని నేను బతికే ఉండగా ఇంకొకడి చేతికి ఇస్తాడా? ఆ మాట ఆయన్ని అడగకుండానే నా తల నెరిసింది.

నేను ఇళ్లకు కప్పు వేసే వడ్రంగిని. ఆయన వేలూరులో పెళ్లి కచేరీల బృందంలో గిటారు వాయించేవాడు. విదేశీ కీబోర్డులు కొత్తగా దిగుతున్న రోజులవి. వాటిలో మీట నొక్కితే గిటారు శబ్దం కూడా వచ్చేది. ఈయన గిటారు ముందు మైకు పెడితే డ్రమ్ముల మోతలో ఏమీ తెలియదు, మైకును దగ్గరికి జరిపితే కూత పెడుతుంది. "వినబడని మనిషికి కుర్చీ ఎందుకు?" అని బృందం నడిపేవాడు మొహం మీదే అనేశాడట. అందుకని బెంగళూరు నుంచి పికప్ తెప్పించుకుని నా కొట్టానికి వచ్చాడు. రూపాయి బిళ్లంత ఉంది. గిటారు పొట్టలోపల అంటిస్తే చెక్క అదురును పట్టి, వైరు గుండా స్పీకరుకు పంపుతుందట.

"మేస్త్రీ, కింది కొనలో వైరుకు బెజ్జం ఒకటి వెయ్యాల. నీ చెయ్యి వణకదని చెప్పినారు."

"తలుపులు చేసే చేతికి ఇదొక లెక్కా? ఇడ్లీ తినేసి రా పో అప్పా."

"తినను. ఈడే కూచుంటా. బిడ్డను ఆపరేషనుకు ఇచ్చినట్టుండాది."

"అయితే బయట కూచో. నా ఎల్తురుకు అడ్డం రావద్దు."

నవ్వాడు. బయట రంపపు పొట్టు మీద చెప్పులు విడిచి కూర్చున్నాడు. స్టేజీ మీదా అంతే, ఉత్త కాళ్లే. "చెక్క మాట కాలికి ముందు తెలుస్తాది" అనేవాడు.

బెజ్జం బాగానే వేశాను. లోపల పికప్ అంటించే చోట, పైచెక్క అడుగున అతికించిన సన్నటి కట్టె ఒకటి అడ్డొచ్చింది. ఆయన్ని పిలిచి అడగాల్సింది. అడిగితే నాకు తెలియదని తేలుతుంది కదా. ఉలి పెట్టి నాలుగు వేళ్ల మేర చెక్కేసి, ఆ ముక్కలు జేబులో వేసుకున్నాను. కప్పుకు దూలం ఎందుకో ఊరందరికీ చెప్పేవాణ్ని, ఆ కట్టె ఎందుకో ఆలోచించలేదు.

ఆ వారమే కే.వి.కుప్పంలో పెళ్లి కచేరీకి నన్ను పిలిచాడు. గిటారు పందిరి చివర వంటవాళ్ల దాకా వినబడింది. పాట అయ్యాక మైకులో "ఇది మా గుడియాత్తం మేస్త్రీ చేతి పని" అన్నాడు. నేను లేచి అందరికీ దండం పెట్టాను. సిగ్గు లేకుండా.

ఆరు నెలల్లో, అడుగున ఆ కట్టె ఆసరా లేక, తీగల లాగుడుకు పైచెక్క ఉబ్బి వంగింది. తీగలు పైకి లేచి వేళ్లకు లొంగలేదు. బృందంలో ఆయన కుర్చీ తీసేశారు. నేను టీ అంగడిలో పదిమంది ముందు "వాయించేవానికి తీగలు బిగించడం రాకుంటే వడ్రంగి ఏం చేస్తాడప్పా?" అన్నాను. ఆ మాట వేలూరు చేరింది. మద్రాసులో బాగు చేయించినా గిటారుకు పాత గొంతు రాలేదు. ఆ తరువాత పిల్లలకు పాఠాలు చెప్పి బతికాడు.

నిరుడు వేలూరు బస్సులో కనబడ్డాడు. గిటారు సంచిని ఒళ్లోకి లాక్కుని నాకు చోటిచ్చాడు.

"రా మేస్త్రీ, కూచో. మోకాళ్లు ఎట్లుండాయి?"

"నిలబడతాండాయి."

"నిలబడితే సాలు లే నాయనా."

గుడియాత్తం దాకా ఆ సంచి మీద వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. కట్టె సంగతి చెప్పకుండానే నేను బస్సు దిగిపోయాను.

మద్రాసులో బాగుచేసినవాడు లోపల చూసే ఉంటాడు. ఉలి గాటు దాగదు. మాస్టరుకు చెప్పాడా? ఇది చదివేవాళ్లలో ఆయనతో వాయించినవాళ్లను, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లను అడుగుతున్నాను. తెలిసీ నన్ను కాపాడాడా, తెలియకుండానే పోయాడా? వచ్చే బుధవారం ఆయన పదహారో రోజు కర్మ. ఆయన భార్య ముందు ఎలాగూ నిలబడి చెప్తాను. కానీ ఆ ఇంట్లో అందరికీ తెలిసిన తప్పుకు తల వంచుతున్నానో, ఎవరూ ఎరగని నేరాన్ని కొత్తగా మోసుకెళ్తున్నానో నాకు తెలియాలి. మంగళవారం పొద్దు కుంకేలోగా చెప్పండి.