వెనక సీటులోంచి వినిపించిన చప్పుడు

మా ఆయన చెవులు బాయిలర్లలో పోయాయి. బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఆయన పని బాయిలర్ లోపల కూర్చుని రేకులను కలిపే రివెట్టు తలకు సమ్మెట ఆనించి పట్టుకోవడం. బయటినుంచి ఇంకొకరు కొడుతూ ఉంటారు. ఆ ఇనప డొల్లలో ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తిన్న ఎవరికైనా వినికిడి మందగిస్తుంది. షెడ్డులో దాన్ని రోగమని ఎవరూ అనుకోలేదు. బాయిలర్ పనివాళ్లు గట్టిగా మాట్లాడతారు, అంతే అనుకునేవారు.

ఒక ఏడాది వైద్య పరీక్షలో డాక్టరు ఈయన వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడు. ఈయన తిరగలేదు. తరవాత కొద్దికాలానికే ఉద్యోగం పోయింది, దానితోపాటు క్వార్టరూ పోయింది. స్టేషన్‌కు అవతల, రోడ్డు మీదికి వాకిలి ఉన్న ఒక పెంకుటింట్లోకి మారాం. మా మామగారి కాలంలో విజయనగరం వైపునుంచి రైలు పని కోసం వచ్చినవాళ్లం. తిరిగి వెళ్లడానికి అక్కడ మాకు ఏమీ లేదు. షెడ్డులో ఉన్నప్పుడు ఇంజనీరుగారు పట్టాల మీద తిరిగే మోటారు ట్రాలీ పాడైతే బాగుచేసే పని కూడా ఈయన మీదే పడేది. అలా పెట్రోలు ఇంజను తెలిసింది. ఆ తెలివితో ఇంటి ముందు రేకుల పందిరి వేసి కార్ల పని మొదలుపెట్టారు.

చిక్కల్లా ఒక్కటే. కారుకు ఏదైనా జబ్బు చేస్తే యజమాని ముందు చెప్పేది చప్పుడు గురించి. ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే మాట అందేది గాని, ఈయనకు ఆ చప్పుడు వినపడదు.

మొదట్లో ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇనుముకు ఆనించి, పిడి దవడకు పెట్టుకునేవారు. వినడం కాదు, వణుకు తెలిసేది. దానితో సగం పనులు గట్టెక్కేవి. మిగతా సగానికి ఒకరోజు వంటింట్లోకి వచ్చి నన్ను పిలిచారు.

"ఒలే, ఓపాలి ఇలా రా. ఏటి సప్పుడొస్తందో ఇని సెప్పు."

"టకటకా అంటన్నాది," అన్నాను.

"టకటకంటే ఏటి? రోకలి దంచినట్టా, కుట్టుమిషను ఆడినట్టా?"

కుట్టుమిషనులా ఉందన్నాను. ఆయన ఇంజను పై మూత విప్పి ఏదో సర్ది, మళ్లీ నడిపి నా మొహంలోకి చూశారు. చప్పుడు ఆగిందని తల ఊపాను. అలా మా ఇద్దరికీ ఒక భాష కుదిరింది. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు, ఎండు తాటాకు ఈడ్చినట్టు, తిరగలి ఖాళీగా తిరిగినట్టు. నేను చెప్పేదాన్ని, ఆయన అర్థం చేసుకునేవారు. మగవాళ్ల మధ్య బానెట్ మీదికి వంగి నిలబడ్డ ఆడదాన్ని చూసి రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవారు. కొన్నాళ్లకు వాళ్లకూ అలవాటయింది.

రెండో యుద్ధానికి కొంచెం ముందు, కర్గీ రోడ్ స్టేషన్ అవతల ఊళ్లో ఉండే ఒక మాలగుజారు తన కారు తెచ్చాడు. ఆ చుట్టుపక్కల భూములన్నీ ఆయనవే. నెమ్మదైన మనిషి. దిగుడులో యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీస్తే వెనక తుపాకీ పేలినట్టు పేలుతోందని, ఎడ్లు బెదిరి బండ్లు పొలాల్లో పడుతున్నాయని చెప్పాడు. ఈయన కార్బురేటర్ శుభ్రం చేశారు, ప్లగ్గులు చూశారు, నిప్పురవ్వ పడే సమయం సరిచేశారు. నేను దగ్గర నిలబడి విన్నాను. నిలబడి ఉన్న బండిలో నాకు ఏ తేడా తెలియలేదు.

కొన్ని రోజులకు కారు మళ్లీ వచ్చింది. పేలుడు తగ్గలేదు.

"నువ్వు సరిగ్గా ఇన్లేదు," అన్నారు ఈయన.

"ఉన్న సప్పుడు ఇన్నాను. లేంది ఎక్కడ్నుంచి తేను?" అన్నాను.

 చివరికి ఆయనే మాలగుజారుతో హిందీలో చెప్పారు, బండి నడుస్తుండగా చూడాలి, ఎత్తుపల్లాలున్న దారిలో చూడాలి అని. మాలగుజారు అచ్ఛా అన్నాడు. ఆ రోజు ఆయన ఇంటి ఆడవాళ్లు లేడీ డాక్టరు దగ్గరికి బిలాస్‌పూర్ వచ్చి ఉన్నారు. కోడలు కడుపుతో ఉంది. వాళ్లను తిరిగి ఊరికి తీసుకుపోతున్నాడు, మమ్మల్నీ రమ్మన్నాడు. ముందు సీటులో డ్రైవరు, మాలగుజారు, మా ఆయన ఇరుక్కుని కూర్చున్నారు. వెనక పరదా కట్టిన సీటులో మాలగుజారు భార్య, కోడలు ఉన్నారు. అక్కడ మగవాళ్లు కూర్చోరు కనక నన్ను అక్కడికి పంపారు.

అప్పటిదాకా నేను ఏ కారులోనూ కూర్చోలేదు. వినడమే నా పని.

రెండు పక్కలా మందపాటి పరదాలు, వెనక అద్దానికి ఒకటి, ముందు సీటుకూ మాకూ మధ్య ఒకటి. లోపల ఉక్కగా ఉంది. అత్తగారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. కోడలికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. బండి కదలగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూలకు ఒరిగింది. ఊరు దాటి ఎత్తు మొదలయ్యాక నాకు కాళ్ల కింద ఒక చప్పుడు వినిపించింది. బుస్సు, బుస్సు, బుస్సు. ఇంజను కష్టపడి లాగే కొద్దీ అదీ పెద్దదవుతోంది. చెప్పు విడిచి, బండి నేల మీద పరిచిన చాప మీద పాదం పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

"ఈ చప్పుడు ఎప్పుడూ వస్తుందా?" అని కోడలిని అడిగాను. నాకు వచ్చిన ఛత్తీస్‌గఢీ కొంచెమే, ఆమె మాట్లాడేది అదే.

"వానలు వెలిసినప్పటినుంచి వస్తోంది దీదీ. వాగు దాటుతుంటే కింద బండరాయి గీసుకుంది. ఆ రోజునుంచీ ఇంతే."

"మామగారికి చెప్పలేదా?"

"ఆయనతో నేను మాట్లాడను కదా."

అది నిజమే. ఆ ఇళ్లలో కోడలు మామగారి ఎదుట నోరు విప్పదు. అత్తగారు కళ్లు తెరవకుండానే అంది, "మోటారు అన్నాక చప్పుడు చెయ్యదా. దీనికి ఒంట్లో బాగాలేదు, అంతే. కారెక్కితే తలనొప్పి, దిగితే వాంతి. ఎవరిదో కన్ను పడిందని బైగా చెప్పాడు. లేడీ డాక్టరు చూసి రక్తం తక్కువని టానిక్ రాసింది."

బైగా అంటే ఆ ఊళ్లలో తాయెత్తులు కట్టి దిష్టి తీసే మనిషి.  అప్పటికే నా కణతలు లాగుతున్నాయి. చెమట పట్టడం వల్ల అనుకున్నాను. కాసేపటికి ఆవలింతలు మొదలయ్యాయి, ఆ తరవాత తల తిరిగింది. అప్పుడు కోడలి వైపు చూశాను. ఆమె తల పరదాకు ఆని ఊగుతోంది. భుజం పట్టుకుని కదిపితే కళ్లు సగమే తెరిచింది.

ముందు పరదా లాగి డ్రైవరు సీటు మీద గుద్దాను. బండి ఆగింది.

అత్తగారూ నేనూ ఆమెను దింపి ఇప్పచెట్టు నీడలో కూర్చోబెట్టాం. గాలి తగిలాక ఒకసారి వాంతి చేసుకుని తేరుకుంది. అత్తగారు ఒక చేత్తో తన కణత నొక్కుకుంటూ, ఆమె మొహం మీదికి ముసుగు లాగుతూనే ఉంది. మాలగుజారు దూరంగా అటు తిరిగి నిలబడ్డాడు. మా ఆయన నా దగ్గరికి వచ్చారు.

"ఏటైంది?"

ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పాను. "కాళ్ల కింద సప్పుడొస్తన్నాది. పేలేది కాదు, ఇది వేరే. షెడ్డులో ఇంజను నిలబడి ఉన్నప్పుడు పక్కనుంచి బుస్సు బుస్సని ఆవిరి తంతాది సూడండి, అలాగ. ఎత్తెక్కితే ఎక్కువవుతున్నాది. నాకూ తల తిరిగిపోతన్నాది."

"కిందనా? ఎనకాలా?"

"మా సీటు కిందే."

 ఆయన వెనక తలుపు తెరిచి చాప ఎత్తారు. చాప అడుగు మసిబొగ్గులా ఉంది. నేల చెక్కల మధ్య వేలు పట్టేంత సందు, దాని అంచులూ నల్లబడి ఉన్నాయి. బండి కిందికి దూరి, ఇంజను నడపమని డ్రైవరుకు సైగ చేశారు. తడి చేసిన చెయ్యి పొగ గొట్టానికి కొంచెం ఎడంగా పెట్టి, కొంచెం కొంచెం జరుపుతూ వచ్చారు. షెడ్డులో ఆవిరి ఎక్కడ కారుతోందో అలాగే వెతికేవారట. బయటికి వచ్చేసరికి మణికట్టు దగ్గర చర్మం ఎర్రగా కమిలింది.

"సైలెన్సర్ దగ్గరికి వొచ్చే గొట్టం అతుకు దగ్గర సగం దాకా పగిలిపోనాది. రాయి తగిలిన సొట్ట కూడా ఉన్నాది," అని నాతో అన్నారు. తరవాత మాలగుజారు దగ్గరికి వెళ్లి హిందీలో చెప్పారు. దిగుడులో ఆ పగులులోంచి గాలి లోపలికి పోయి, కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టంలో అంటుకుంటోంది, పేలుడు అదీ. ఎత్తులో పొగ బయటికి తన్ని, చెక్కల సందులోంచి పరదాల లోపలికి పోతోంది. షెడ్డులో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని ఒకతను మళ్లీ లేవలేదు, ఇదీ అదే పొగ అన్నారు.

మాలగుజారు వంగి చాప అడుగున ఉన్న మసి వైపు చూశాడు. "నేను రోజూ ఈ బండిలోనే తిరుగుతున్నాను. నాకేమీ కాలేదు," అన్నాడు. వాదానికి అన్న మాట కాదు, లెక్క తేలక అన్నాడు.

"మీరు ముందు కూర్చుంటారు. మీ పక్క కిటికీ తెరిచి ఉంటుంది," అన్నారు ఈయన.

ఊరు ఇంక దగ్గరే ఉంది. పరదాలు విప్పేసి మెల్లగా పోతే చాలని ఈయన అన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. పొలాల్లో అందరూ ఉండే వేళ, ఇంటి కోడలిని తెరిచిన బండిలో ఊళ్లోకి ఎలా తీసుకుపోతాం అంది. పోనీ పరదాలు ఉంచి తొందరగా పోదామంది. మాలగుజారు ఎటూ తేల్చలేదు. అప్పుడు చెట్టు కిందనుంచి కోడలు అంది, "నేను ఆ బండి ఎక్కను."

ముసుగులోంచి వచ్చిన మాటే, గట్టిగా కూడా అనలేదు. కాని మామగారికి వినపడేలా అంది. అత్తగారు గబుక్కున ఆమె వైపు తిరిగింది. మాలగుజారు తల తిప్పకుండానే డ్రైవరును పిలిచి, పక్క పల్లెకు పోయి ఎడ్లబండి తీసుకురమ్మన్నాడు. దాని మీద గూడు ఉండాలని కూడా చెప్పాడు. మేం ముగ్గురం ఆడవాళ్లం గడ్డి పరిచిన బండిలో వెళ్లాం, మగవాళ్లు కారులో మెల్లగా వచ్చారు. దారిలో కోడలు నన్ను ఒకటే అడిగింది, కడుపులో బిడ్డకు ఏమైనా అయి ఉంటుందా అని. తెలియదన్నాను. నాకు నిజంగానే తెలియదు.

ఊళ్లో కమ్మరి కొలిమి ఉంది. ఈయన రేకు కొట్టి పట్టీ చేశారు, పగులు మీద ఆవిరి గొట్టాలకు వాడే, వేడికి కాలని తాడు చుట్టి, దాని మీద ఆ పట్టీ బిగించి రివెట్లు వేశారు. కమ్మరి ఏదో పని మీద పోతే, రివెట్టు వెనక సమ్మెట పట్టుకోమని నాకు ఇచ్చారు. ఆయన కొడుతుంటే దెబ్బ నా మోచేతులదాకా వచ్చి పళ్లు జిల్లుమన్నాయి. చాలని చెప్పినా ఆయనకు వినపడలేదు. అయ్యాక నేల చెక్కల సందులు కూడా రేకుతో మూశారు. తరవాత పరదాలన్నీ దించి, వెనక సీటులో నేను ఒక్కదాన్నే కూర్చుని, డ్రైవరుతో ఎత్తు దాకా వెళ్లి వచ్చాను. కాళ్ల కింద చప్పుడు లేదు. దిగుడులో పేలుడు కూడా లేదు. ఈయన రోడ్డు మీద నిలబడి నా మొహం కోసం చూస్తున్నారు. పరదా తీసి, లేదని చెయ్యి ఊపాను.

ఆ వారంలోనే బైగా వచ్చి కోడలి చేతికి తాడు కట్టాడట. తలనొప్పులు తగ్గాయి. ఇంట్లోవాళ్లు అతనికి బట్టలు పెట్టారని డ్రైవరు తరవాత ఎప్పుడో చెప్పాడు. ఈయన ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఆ అమ్మాయి బాగుంది, అది చాలనిపించింది.

అప్పటినుంచి ఈయన ఏ కారు వచ్చినా మొట్టమొదట, వెనక సీటులో ఎవరు కూర్చుంటారని అడిగేవారు. చప్పుడు సంగతి వాళ్లను అడిగి రమ్మని కొన్ని ఇళ్ల లోపలికి నన్ను పంపేవారు. కొందరు యజమానులకు అది నచ్చేది కాదు, వేరే మెకానిక్ దగ్గరికి పోయేవారు. ఆ లోపల యుద్ధం వచ్చింది, పెట్రోలు దొరకడం కష్టమయింది. యజమానులు కార్లకు చక్రాలు విప్పి చెక్కల మీద నిలబెట్టారు. రైల్వేలో మాత్రం చేతులు చాలక ఈయనను మళ్లీ పిలిచారు. ఈసారి చెవులు ఎవరూ పరీక్షించలేదు.

ఆ కోడలిని నేను మరొక్కసారి చూశాను, లేడీ డాక్టరు ఆసుపత్రి వరండాలో. ఒళ్లో ఆడపిల్ల ఉంది. చూసి గుర్తుపట్టి, పక్కన చోటు ఇచ్చింది. కారు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పిల్లకు పళ్లు వస్తున్నాయని, అన్నిటినీ కొరుకుతోందని, నిన్న అత్తగారి వెండి కడియం మీద కూడా గాట్లు పెట్టిందని చెప్పింది. పిల్ల నా గాజులు పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంది. పిలుపు వచ్చేదాకా వాటిని వదలలేదు.