పెళ్ళికొడుకు కాళ్ళు

ఈ ఉదయం వాన వెలిశాక గేటు తీయడానికి చెప్పుల్లేకుండా వాకిట్లోకి దిగాను. చల్లటి బురద కాలివేళ్ళ సందుల్లోంచి పైకి ఉబికింది. మిగతావాళ్ళయితే కాళ్ళు కడుక్కుంటారు. నేను వంగి, ఏ వేలి పక్కన ఎంత బురద వచ్చిందో చూస్తూ నిలబడిపోతాను. పాలవాడు కూడా ఇప్పుడు ఏమిటని అడగడం మానేశాడు. ఈ పిచ్చి నాకు అంటించినావిడ మాణిక్యమ్మ గారు.

కొవ్వూరులో మా ఎదురింట్లో ఉండేవారావిడ. నేను పిన్ని గారు అనేదాన్ని. దసరా కొలువులకి మట్టిబొమ్మలు చేసేవారు. తొంభైల చివర డిగ్రీ పూర్తిచేసి, సంబంధాల కోసం ఎదురుచూస్తున్న నన్ను, "ఊరికే కూర్చుంటే ఒళ్ళొస్తుంది, రావే" అని లాక్కెళ్ళి ముందు మట్టి పెట్టారు. మాట కరుకు. బొమ్మ నచ్చకపోతే అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి మళ్ళీ ముద్ద చేసేవారు. నా కష్టం ఎన్నిసార్లు అలా మట్టిలో కలిసిందో చెప్పలేను.

ముక్కూ చెవులూ ఎలాగో పట్టుబడ్డాయి గానీ పాదాలు మాత్రం కొరుకుడు పడలేదు. నేను పెట్టిన వేళ్ళు శనగలు వరసగా అతికించినట్టుండేవి. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. నా రాముడి పంచె నేల దాకా దిగింది, సీత చీర నేలమీద పరుచుకుంది. కృష్ణుడితోనే చిక్కొచ్చింది. కాలికి కాలు అడ్డం వేసి నిలబడేవాడి పాదాలు దాచడమెలా? ముందొక పొద పెట్టాను.

"ఈ పొదేంటి?" అన్నారు పిన్ని గారు.

"బృందావనం అండి."

ఆవిడ పొద పీకేశారు. వెనకాల కృష్ణుడికి మోకాళ్ళ కింద ఏమీ లేదు.

"ముఖం ఎలా పెట్టుకోవాలో చిన్నప్పట్నుంచీ అందరికీ నేర్పుతారే. కాలికెవరూ నేర్పరు. అది దానిష్టమొచ్చినట్టుంటుంది. వెళ్ళి చూడు," అన్నారు. ఆ రోజు నుంచి నా చూపు నేలమీదే. రేవులో స్నానాలు చేసేవాళ్ళ కాళ్ళు, గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్ళ కాళ్ళు, ఏవీ వదల్లేదు. ఒకసారి ఉత్తరం ఇచ్చి వెళ్ళబోతున్న పోస్టుమాన్‌ని పిన్ని గారే చెప్పులు విప్పించి అరుగు ముందు నిలబెట్టారు. "సంతకం కావాలాండి?" అన్నాడాయన అయోమయంగా. "కాదు బాబూ, చిటికెనవేలు," అన్నారావిడ.

అంతలో ఒక సంబంధం వచ్చింది. తణుకులో లెక్కల మాస్టారు. తలెత్తితే ఊరుకోనని మా అమ్మ ముందే హెచ్చరించింది కనక, పెళ్ళిచూపుల్లో అరగంటసేపు నాకు కనిపించినవి పెళ్ళికొడుకు పాదాలు మాత్రమే. పైనుంచి ఒక గొంతు, వెనకబెంచీని అదిలించినట్టు, "డిగ్రీలో పర్సంటేజీ ఎంతండి?" అంది. యాభై రెండన్నాను. ఈయనతో జన్మంతా పరీక్షలే అనుకుని హడలిపోయాను. తీరా చూస్తే నేను వాళ్ళకి నచ్చానట. ఏ సంగతీ సాయంత్రానికల్లా చెప్పమన్నారు నాన్నగారు. వద్దని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుందామని ముందు ఎదురింటికి వెళ్ళాను.

"అబ్బాయి ఎలా ఉన్నాడే?"

"ముఖం చూడలేదండి, కాళ్ళే చూశాను. మనిషి మాత్రం చండశాసనుడండి. నాకొద్దు."

"వద్దులే. ఆ కాళ్ళు చేసిపెట్టి వెళ్ళు."

ఏడుపు దిగమింగుకుంటూ కూర్చున్నాను. ధ్యాసంతా సాయంత్రం మీదే ఉండటం వల్లనేమో, చేతులు వాటంతటవే నడిచాయి. మొదటిసారి శనగలు కాక వేళ్ళొచ్చాయి. పిన్ని గారు ఆ పాదాల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నొక్కెయ్యలేదు.

"మీ ఇంట్లో నేల జారుతుందా?"

"లేదండి, గచ్చే."

"మరి వేళ్ళు ముడిచి నేలనలా పట్టుకున్నాడేంటి?"

అప్పుడు చూశాను. బొటనవేళ్ళు రెండూ కిందికి వంగి ఉన్నాయి, మిగతావి వాటి పక్కన ఒదిగిపోయాయి. నేను కల్పించింది కాదు, కళ్ళారా చూసిందే. పర్సంటేజీ అడిగినప్పుడు ఆ వేళ్ళు ఇంకాస్త బిగుసుకోవడం కూడా గుర్తొచ్చింది.

"పాపం, నీకంటే వాడికే ఎక్కువ భయంగా ఉందే," అన్నారు పిన్ని గారు.

నాకు నవ్వాగలేదు. దిగమింగుకున్న ఏడుపు కూడా అందులోనే వచ్చేసింది. తలెత్తి చూసి ఉంటే తప్పకుండా వద్దనేదాన్ని. ఆయనది ఇప్పటికీ లెక్కల మాస్టారి ముఖమే. ఇంటికెళ్ళి సరేనన్నాను.

పెళ్ళిలో మెట్టెలు తొడిగేటప్పుడు నా వేలు బిగుసుకుపోయి మెట్టె ఎక్కలేదు. ఆయన ఇంకాస్త గట్టిగా తోశారు. పంతులుగారు మంత్రం రెండోసారి మొదలుపెట్టారు. వెనకనుంచి పిన్ని గారి గొంతు వినిపించింది: "నెమ్మదిగా బాబూ. దానికీ భయమే."

పిన్ని గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడంటే నాకెంత ఇష్టమో ఆవిడుండగా ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మా ఆయన నా మీద కోపగించుకోవాలంటే ముందు కాళ్ళు మంచమ్మీద పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, ఆ తర్వాత అరుస్తారు. నేను పనిచేసే ఆఫీసులో వాళ్ళకి ఈ జాగ్రత్త తెలియదు. అక్కడ చెప్పులేసుకున్న వాళ్ళెవరైనా నా మీద గొంతు పెంచితే వెంటనే తల వంచేస్తాను. ఎంత అణకువో అనుకుంటారు.