బంధువులు లేని సముద్రం

రాజోలు డిపోలో కండక్టరుగా చేరిన తొలి తొమ్మిదేళ్ళూ రేచల్ అంతర్వేది బస్సు మీదే ఉంది. అంతర్వేదిలో, సముద్రానికి కాస్త ఇవతల బస్సు ఆగే పది నిమిషాల్లో మంచినీళ్ళు తాగాలి, సీట్ల కింద ఎవరైనా సంచి మరిచారేమో చూడాలి, బండి ఎప్పుడు కదులుతుందని అడిగిన ప్రతివాళ్ళకీ జవాబు చెప్పాలి. గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తే కెరటం విరిగిన చప్పుడు సన్నగా వచ్చేది. ఆమెకు దక్కిన సముద్రం అంతే. వేలమందిని సముద్రం దగ్గర దింపిన మనిషి పాదాలు ఒక్కసారీ ఉప్పునీట తడవలేదు.

ఇప్పుడామెకు యాభై మూడేళ్ళు. రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే బస్సు ఆమెది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయ్యాక ఆ బస్సు ఎప్పుడూ తేనెపట్టులా కిక్కిరిసే ఉంటోంది. మధ్యలో రేచల్, ఒక చేతిలో కడ్డీ, ఇంకో చేతిలో టికెట్ మిషను. "లోపలికి జరగండమ్మా, లోపల బోలెడు చోటుంది" అన్న మాట ఆమె నాలుక మీద ఎంతగా స్థిరపడిందంటే, ఒక ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ మధ్యలో అదే అనేసింది. పాస్టరు గారు ఏమాత్రం తొణక్కుండా ఆమెన్ అన్నారు.

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు, పెరట్లో మంచు ఇంకా విడవని పొద్దున, భర్తతో చెప్పింది. ఆయన దేవదానం, తాటిపాకలో చిన్న బడి మాస్టారు.

"ఏవండీ, నాకు ఎండ కావాలి. వెచ్చటి ఇసక కావాలి. సముద్రం ముందు వారం రోజులు ఒక్కదాన్నే కూర్చోవాలి."

"నేనేం మాట్లాడను రేచలూ. పక్కన కూర్చుంటానంతే."

"మీరు పక్కనుంటే, మీరు టీ తాగేరా లేదా అని చూసుకుంటా కూర్చుంటాను."

దేవదానానికి అది నిజమేననిపించింది. లోపలికి వెళ్ళి బడి అట్లాసు పట్టుకొచ్చాడు.

"అంతర్వేది అయితే దగ్గర కదా?"

"బావుంది! ఇసకలో కూర్చోగానే, రేచల్ గారండీ, ఆఖరి బస్సు ఎన్నింటికండీ అని మొదలెడతారు."

ముందు గోవా అనుకున్నారు. మర్నాడు ఆ మాట డ్రైవరు బుల్లబ్బాయితో అనడమే ఆమె చేసిన పొరపాటు. పదకొండేళ్ళుగా ఆయన నడిపే బస్సులో ఆమె విజిల్ వేస్తోంది. ఆయన అద్దంలోంచి వెనక్కి చూసి గొంతెత్తాడు.

"ఏవండోయ్, మన రేచల్ గారు గోవా ఎల్తన్నారంట. అక్కడ మనోళ్ళెవరైనా ఉన్నారాండీ?"

పాశర్లపూడి వంతెన ఎక్కేలోగా మనవాళ్ళు దొరికారు. మూడో సీటులో భవానీదేవి అనే టీచరు గారి మేనల్లుడు వాస్కోలో నేవీ ఉద్యోగి.

"ఇప్పుడే ఫోన్ చేసేస్తానండి. స్టేషనుకి కారు తెస్తాడు. హోటలేంటండీ, మీరేమన్నా పరాయివాళ్ళా?"

సాయంత్రం ట్రిప్పుకి ఒక సంచి కూడా వచ్చింది. అందులో సీసాడు ఆవకాయ, అడుగున రెండు కొబ్బరికాయలు. గోవా మానేశానని చెప్పడానికి రేచల్ మూడు రోజులు తంటాలు పడింది. సంచి మాత్రం తిరిగి వెళ్ళలేదు. "అయితే మీరే తినండి" అన్నారు భవానీదేవి గారు.

కోనసీమలో ఒక ఊరి పేరు పైకి అంటే చాలు. ఆ ఊళ్ళో ఒక గుమ్మం తెరుచుకుంటుంది, ఒక విస్తరి పడుతుంది, ఇంకొంచెం వేసుకోండంటూ ఒక చెయ్యి గరిటెతో ముందుకొస్తుంది. రేచల్‌కి ఆ చెయ్యంటే ప్రేమే. తనూ అలాంటి చేతుల్లోనే పెరిగింది, తన చెయ్యీ అలాంటిదే. కానీ వారం రోజులు ఆ చేతికి చిక్కకుండా, ఎవరికీ ఏమీ కాకుండా, గాలిలా ఉండి చూడాలని ఉంది.

"బస్సులోనే పరీక్ష పెట్టు" అన్నాడు దేవదానం, పేపర్లు దిద్దే మనిషి గొంతుతో. "రాజోల్లో ఊరి పేరు చెప్పు. అమలాపురం చేరేలోగా బంధువు తేలితే ఆ ఊరు ఫెయిలు."

జనవరి అంతా సముద్రాలు ఫెయిలవుతూనే ఉన్నాయి. బస్సు రాజోలు బస్టాండు గేటు దాటకముందే పూరీ పోయింది, బుల్లబ్బాయి బావమరిది పూరీలోనే హోటల్లో వంటమాస్టరు. పాండిచ్చేరి మీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది గానీ, పాండిచ్చేరి పాలనలోనే ఉన్న యానాం తమ పక్కనే ఉందన్న సంగతి మరిచిపోయింది. యానాంలో వియ్యాలవారున్న ప్రతి ఇంటికీ పాండిచ్చేరి ఆఫీసుల్లో ఒక మనిషి ఉన్నాడు. ఆ రోజు ఏకంగా నలుగురు లేచారు. కేరళలోని కోవళం పేరెత్తితే బంధువులు తేలలేదు గానీ, "కొబ్బరిచెట్లు చూట్టానికి అంత దూరం ఎందుకండీ, మా దొడ్లోకి రండి" అని ఒకావిడ బస్సంతా నవ్వించింది. ఆ నవ్వు ఇంకా ఆగకుండానే నర్సింగు చదివే పిల్ల ఒకతె, తన స్నేహితురాలిది కోవళమేనంది. దుబాయ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక రాత్రి దేవదానం వేలు అట్లాసులో పడమటి అంచుకి చేరి ఆగింది. గుజరాత్‌లో, కచ్ తీరాన, మాండ్వి.

"ఇక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు" అన్నాడాయన. "మన సముద్రం సూర్యుణ్ణి ఇస్తుంది. అది పుచ్చుకుంటుంది."

రేచల్ ఆ చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు రాజోల్లో ఆమె ఆ పేరు చెప్పింది. బుల్లబ్బాయి ఎప్పట్లాగే చాటింపు వేశాడు. కొందరు కళ్ళు మూసుకుని చుట్టరికాల్లోకి వెళ్ళారు. బస్సు తాటిపాక దాటింది. మామిడికుదురులో సత్తెమ్మ ఎక్కింది. అమలాపురం హోటళ్ళకి అరిటాకులు వేసే మనిషి, అరవై దాటిన మనిషి.

"మాండ్వి అంటండి సత్తెమ్మ గారూ, మనోళ్ళెవరైనా ఉన్నారా?" అని బుల్లబ్బాయి అడిగాడు.

సత్తెమ్మ రేచల్ మొహం కేసి చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, ఆకుల కట్ట ఒళ్ళోకి సర్దుకుని కిటికీలోంచి చూడసాగింది.

"మాకెవరూ లేరండి గానీ, కనుక్కుంటాను" అంది వెనక నుంచి ఎవరో.

"కనుక్కోకండమ్మా, మీకు దణ్ణం పెడతాను!"

వంతెన కింద వైనతేయ నది మెరిసింది. అమలాపురం వచ్చింది. బంధువంటూ ఎవరూ తేలలేదు. రేచల్ ఆ రోజు వేసిన విజిల్ పిట్ట కూతలా ఉందని బుల్లబ్బాయి తర్వాత చాలామందికి చెప్పాడు.

ఫిబ్రవరిలో రాజమండ్రిలో రైలెక్కి, రెండు రాత్రులు ప్రయాణించి, మళ్ళీ బస్సెక్కి ఆమె మాండ్వి చేరింది. ఆ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. టికెట్ కొట్టించుకోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు తెలీదు.

అక్కడ సముద్రం పల్చగా, గోరువెచ్చగా, కాచి చల్లార్చిన పాలలా ఉంది. ఒడ్డు పొడుగునా తెల్లటి గాలిమరలు, ఎవరికో నెమ్మదిగా చేతులు ఊపుతున్నట్టు తిరుగుతున్నాయి. మొదటి రోజు వెనక అడుగుల చప్పుడైతే చాలు, ఎవరో పిలుస్తారని తిరిగి చూసింది. అది ఒంటె. రెండో రోజు పాదాలు నీళ్ళలో పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి ఇసక జారిపోతుంటే, ముప్ఫై ఏళ్ళుగా నిలబడి ఉన్న కాళ్ళు ఇప్పుడు కూర్చున్నట్టనిపించింది. టీ కొట్టతనికి ఒక వేలు చూపిస్తే ఒక టీ వచ్చేది. రోజంతా అదొక్కటే మాట.

నాలుగో సాయంత్రం ఒక అల మోకాళ్ళ దాకా వచ్చింది. "లోపలికి జరగండమ్మా, లోపల బోలెడు చోటుంది" అంది రేచల్. అల మర్యాదగా లోపలికి జరిగింది. చుట్టూ తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె గట్టిగా, ఒక్కతే, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. సూర్యుడు నీళ్ళలోకి దిగిపోయాడు.

తిరిగొచ్చాక సోమవారం బస్సులో ప్రశ్నలు కురిశాయి. ఎవరింట్లో దిగేరండీ, భోజనమెలాగండీ, మీకొక్కరికీ భయమెయ్యలేదాండీ. మామిడికుదురులో సత్తెమ్మ ఎక్కి, రేచల్ పక్కకి జరిగి, మెల్లిగా అడిగింది.

"గాలిమరలు తిరుగుతున్నాయాండీ?"

రేచల్ చేతిలో మిషను ఆగిపోయింది. గాలిమరల సంగతి ఆమె ఇంకా ఎవరితోనూ అనలేదు.

"మీకెలా తెలుసండీ?"

"మా అమ్మాయిది ఆ ఊరేనండి. అల్లుడు గాలిమరల దగ్గర పని. ఏడేళ్ళయింది ఎళ్ళి."

"మరి ఆ రోజు చెప్పలేదేంటండీ!"

"చెప్తే మా అమ్మాయి మిమ్మల్ని ఒక్కరినీ కూచోనిస్తదేంటండీ? బుల్లబ్బాయి ఆ ఊరి పేరు అన్నప్పుడు మీ మొహం చూసేను. ఇంక నోరు రాలేదండి."

"అమ్మాయికి ఏదన్నా పంపాలని లేదా?"

"ఎందుకుండదండీ. కొబ్బరుండలు చేసేను కూడాను. నోరు జారతానేమోనని, మీరు బయల్దేరేదాకా ముందు బస్సుకెళ్ళిపోయేను."

"ఆ ఉండలేం చేసేరు?"

"నేనే తినేసేనండి" అంది సత్తెమ్మ సిగ్గుపడుతూ.

రేచల్ ఫోన్ తీసి వీడియో పెట్టింది. చిన్న అద్దంలో తెల్లటి రెక్కలు తిరిగాయి. సత్తెమ్మ ఆకుల కట్ట కింద పెట్టేసి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. వంతెన వచ్చింది, వెళ్ళింది. ఆమె నది కేసి చూడలేదు.

"వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ ఎల్తాను" అంది రేచల్. "ఉండలు చేసి ఇవ్వండి. గుమ్మంలో ఇచ్చేసి వచ్చేస్తాను."

"గుమ్మంలోంచి పంపదండి మా పిల్ల. మూడు పూటలు ఉంచేస్తది."

"ఒక్క పూట. మిగతావన్నీ నావి."

"రెండండి."

"ఒకటిన్నర. భోజనం, సాయంత్రం టీ."

"ఆయ్" అంది సత్తెమ్మ, ఒప్పుకుంటూ.

ముందు నుంచి బుల్లబ్బాయి మెడ తిప్పాడు. "ఎవరింటికండీ భోజనం?"

"ఎవరింటికీ కాదండి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

రేచల్ విజిల్ వేసింది. బస్సు అమలాపురంలోకి తిరిగింది.