కాగితమున్న ఇంటికప్పులకే తెల్ల రంగు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, ఉప్పల్ వైపు ఒక మున్సిపల్ ఆఫీసులో డిప్యూటీ ఇంజనీరుగా చేరాను. నాచారం ఫ్యాక్టరీల వెనక బస్తీలు నా పరిధి. చేరిన వారానికే రాష్ట్ర వాతావరణ నిధి మొదటి విడత వచ్చింది. దాంతో రేకుల ఇళ్ల పైకప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయించాలి. మార్చి ఆఖరులోగా ఖర్చుచేసి వినియోగ పత్రం పంపకపోతే ఉన్నది మురిగిపోతుంది, రెండో విడత రాదు. సర్కారు నిధులన్నిటికీ ఇదే తంతు.

మొదటి దరఖాస్తు యాదమ్మది. నాలుగిళ్లల్లో పని చేసుకునే మనిషి. భర్త మల్లయ్యకు పక్షవాతం, పగలంతా రేకుల కింద మంచంలోనే. "మధ్యాహ్నమైతే పెనం మీద పడ్డట్టే ఉంటది సారూ ఆయనకు, జర జల్ది చెయ్యున్రి" అన్నది. ఇంటి కాగితం అడిగాను. కిరాయి ఇల్లు. ఓనరు కీసరలో ఉంటాడు, సంతకం పెట్టనన్నాడట. బస్తీలో సగం మందిది ఇదే కథ, మిగతావాళ్లకు పట్టాలే లేవు. నిబంధనలో మాత్రం యాజమాన్య పత్రం తప్పనిసరి అని ఉంది.

మార్చి వస్తే మా శాఖలో ఒక ఆనవాయితీ: కాగితాలు సరిగ్గా ఉన్నచోట పని చూపించు, నిధి కాపాడు. సర్కారు కట్టడాలకూ ఆ నిధి వాడొచ్చు కాబట్టి కమ్యూనిటీ హాలుకూ వార్డు ఆఫీసుకూ రంగు వేయించాను. ఫోటోలు, కొలతల పుస్తకం, వినియోగ పత్రం గడువుకు ముందే పోయాయి. పైవాళ్లు భేష్ అన్నారు. సిగ్గులేకుండా నేనూ పొంగిపోయాను.

మే నెలలో మల్లయ్య పోయాడు. యాదమ్మ పని నుంచి వచ్చేసరికి మంచంలోనే ప్రాణం పోయి ఉంది. దవాఖానాలో వడదెబ్బ అని రాసిచ్చారు. పరిహారం దరఖాస్తు పట్టుకుని ఆమె వార్డు ఆఫీసుకొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. తిట్టలేదు. పైకప్పు వైపు చూసి, "గీడ మంచంల పన్నోళ్లు ఎవరున్నరు సారూ?" అని అడిగింది.

ఆ సాయంత్రమే పై అధికారికి ఒక పేజీ నోటు రాశాను, ఇంటి కాగితం లేనిచోట కాపురముంటున్నవాళ్ల గ్యాసు బిల్లు సరిపోయినట్టు లెక్కించాలని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నాలుగో రోజుకే మంజూరైంది. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. రెండో విడతతో బస్తీకి రంగు పడేనాటికి యాదమ్మ గది ఖాళీ చేసి వెళ్లిపోయింది.

నిబంధన అడ్డొస్తే మార్చమని అడగడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆ నోటు రాయడానికి నాకు అరగంట పట్టింది. ఫిబ్రవరిలో రాసినా అంతే పట్టేది.