పరదా చాటున రెండు ఆంప్లిఫయర్లు

వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు దొరికేది కాదు. కిటికీ గూటిలో, కుట్టు మిషను మీద, మడిచిన పరుపు మీద, ఎక్కడ చూసినా అవ్వ చుట్టిన బీడీలే. అవ్వ అంటే మా నాయనమ్మ. ముసురుకు మెత్తబడిన బీడీలను కార్ఖానావాళ్లు ఏరి పక్కన పడేస్తారు. అందుకే చదునుగా ఉన్న ప్రతి వస్తువూ ఆమెకు ఆరబెట్టే చోటే. నేను మాత్రం నిలబడి తాగేవాణ్ని. బాన్సువాడలో బీఎస్సీకి ఆ మాత్రం మర్యాద ఉండేది.

ఆ ఇంట్లోనే, డెబ్బైల చివర్లో, పాత రేడియోల భాగాలతో నేనొక వాల్వుల ఆంప్లిఫయర్ కట్టాను. పైన చిల్లుల రేకు మూత. స్విచ్చి వేయగానే పలికేది కాదు. ముందు లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులు ఎర్రబడాలి, తర్వాత కాస్త గుర్రుమనాలి, అప్పుడు పాట. వేడెక్కే పెట్టె, దాని మీద ఏమీ పెట్టొద్దని అవ్వకు చెప్పాను. సరేనంది. పాటతో పాటు దాన్నుంచి కమ్మటి మాడు వాసన ఒకటి వచ్చేది. మంచి వాల్వుల లక్షణమే అదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. గొప్ప చెప్పుకోవడం కాదు గాని, అంత మంచి చప్పుడు ఊళ్లో ఇంకో ఇంట్లో లేదు. అన్ని ఇళ్లూ తిరిగి విన్నానని కాదు. అవసరం కనబడలేదు.

ఆ యేడు వినాయకచవితికి మా గల్లీ మండపంలో నా పెట్టె పాడాలని, ఎవరు కట్టారని నలుగురూ అడగాలని నా కోరిక. ఇంతలో బావ, అంటే మా అక్క మొగుడు, బీర్కూర్ బస్సు దిగాడు. కొత్త ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ను ఒళ్లో పిల్లవాడిలా పట్టుకొచ్చాడు.

“చూడు బామ్మర్దీ. స్విచ్చేస్తె పాడుతది. నీ దాని లెక్క పొయ్యి రాజేసుకుంట కూసునుడు లేదు.”

“పొయ్యి మీద వండితెనే రుచి బావా.”

“మేము పాట ఇంటం, తినం. మండపంల నాదే పెడ్తం.”

ఏది బాగుంటే అది పెడదామని గల్లీ పెద్దలు తప్పుకున్నారు. తీర్పు మా అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లకు వదిలాం. పొద్దంతా వాళ్ల చేతులు ఆకు మీద, చెవులు రేడియో మీద. వాళ్ల కంటే ఎక్కువ పాటలు విన్నవాళ్లు ఊళ్లో లేరు.

దుప్పటి పరదా కట్టి రెండు ఆంప్లిఫయర్లనూ దాని వెనక పెట్టాను. స్పీకరు ఒకటే, రికార్డూ ఒకటే. గట్టిగా పలికిందే మంచిదనిపిస్తుంది కాబట్టి రెండింటి చప్పుడూ సమం చేశాను. నా వాల్వులను ముందే వేడి చేసి ఉంచాను.

మొదట బావది.

“సాఫ్‌గున్నది,” అంది ఒకామె, చేతులు ఆపకుండా. “తోమిన గిన్నె లెక్క.”

తర్వాత నాది. ఆకు కత్తిరిస్తున్న కత్తెరలు ఒక్కొక్కటే ఆగాయి. పాట అయ్యేదాకా మళ్లీ కదల్లేదు.

“గీ రొండోది పాడుతుంటె మనిషొచ్చి మన పక్కన కూసున్నట్టున్నది,” అంది ఆమే. మిగతావాళ్లు తలలూపారు.

బావ న్యాయం తెలిసినవాడు. తనే దుప్పటి లాగేశాడు.

“కబూల్ బామ్మర్దీ. మండపానికి నీదే.”

ముఖం మామూలుగా పెట్టుకోవడానికి ప్రయత్నించాను. అది నా చేతిలో లేకపోయింది. బీఎస్సీ పట్టా అందుకున్న రోజు కూడా నా నడుము అంత నిటారుగా లేదు.

అవ్వ ఒళ్లో చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. బావ ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత నా దాని మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. దీవిస్తోందనుకుని పక్కకు జరిగాను.

“గిది ఏడికి పోదు,” అంది. “నువ్వు బయటికి పోంగనే స్విచ్చేసి దీని మీదనే బీడీలు ఆరబెడ్తున్న. మండపానికి గా కొత్తది తీస్కపోండ్రి, అది సల్లగున్నది, దేనికీ అక్కరకు రాదు.”